పులిసిన గంట

ఒమాహాలో వాళ్ళు ఒక ఆదివారం తెల్లవారుజామున
గడియారాల్ని గంట ముందుకు తోస్తారు.
నిద్రలోనే. ఎవరికీ నొప్పి తెలియకుండా.

నేను ఆ ఊరు చూడలేదు.
తొమ్మిదేళ్ళుగా అక్కడి పంటి బిల్లులు, మోకాలి బిల్లులు
కాడుబీసనహళ్ళిలో నాలుగో అంతస్తులో కూర్చుని సరిచూస్తున్నాను.
రాత్రి ఎనిమిదిన్నరకి గుడ్ మార్నింగ్ అంటాను,
అబద్ధమాడినట్టు ఇప్పుడు అనిపించదు.
అక్కడి ముప్పై ఒకటో తేదీ ఇంకా బతికుండగానే
ఇక్కడ ఒకటో తేదీ అని
పాలవాడు బెల్లు కొడతాడు.

అదిగాక ఆ అరగంట ఒకటి.
చాలా దేశాలు గంటల లెక్కన దూరం జరిగితే
మనం కొసరుతో సహా జరిగాం,
తూకమేశాక కూరగాయలామె పైన పడేసే
నాలుగు పచ్చిమిరపకాయల్లా.
ఆ కొసరులోనే మేం తింటాం
ఫ్లైఓవర్ కింద, సంజక్క బండి దగ్గర.

మడకశిర మనిషి.
పనత్తూరు రైలు వంతెన కింద నీళ్ళు నిలిచినా
బండి తోసుకుని ఏడున్నరకి వచ్చేస్తుంది.
చేతికి వాచీ లేదు. పిండిగిన్నే గడియారం.
ఎండాకాలం తొందరపడుతుంది, వానాకాలం బద్ధకిస్తుంది,
వేలు ముంచి టైమెంతో చెబుతుంది.

ఆ మార్చి మెయిల్ నేనే రాశాను.
సోమవారం నుంచి షిఫ్టు ఏడున్నరకే అని.
మనీలాకి పంపాను. క్రకోవ్‌కి పంపాను
(వాళ్ళు ఇంకో రెండు వారాలకి గాని తిప్పరు, అదో తలనొప్పి).
క్యాబులవాళ్ళకి, సెక్యూరిటీకి,
లిఫ్టు బాగుచేసేవాళ్ళకి కూడా.
నూట ఎనభై మంది. కింద నా పేరు.

సోమవారం ఏడున్నరకి అందరం లాగిన్ అయిపోయాం.
ఏడున్నరకి సంజక్క వచ్చింది,
ఎప్పటిలాగే.
అద్దంలోంచి చూస్తున్నాను.
మూత తీసింది. ఆవిరి లేచింది. మూసింది.
రోడ్డు అటు చూసింది, ఇటు చూసింది.
మళ్ళీ తీసింది.
సమ్మె అనుకుందట. ఎవరో పెద్దాయన పోయాడనుకుందట.
నా చెవిలో డెబ్బీ అనే ఆవిడ
"గంట నిద్ర పోయింది, తల పగిలిపోతోంది" అంటోంది.
అయ్యో, అన్నాను.
ఎవరితో అన్నానో.

నూట అరవై ఇడ్లీలు.

మర్నాడు అడిగింది:
"గంట మిగిలిచ్చుకున్నారంట గదా,
ఎవురి సంచిలో ఏసుకున్నారు?"
నవ్వుతూనే అడిగింది.
చిల్లర మాత్రం నా చేతిలో పెట్టలేదు,
బండి రేకు మీద పెట్టింది.

అప్పట్నుంచి ఏటా
ఆమె పచారీకొట్టు క్యాలెండర్లో
రెండు ఆదివారాలకి పసుపుబొట్టు నేనే పెడతాను.
అమావాస్యకీ సంకటహర చవితికీ మధ్య ఎక్కడో
ఇరుకుగా ఒమాహా.

ఎండాకాలమంతా సంజక్క సంజెకే వస్తుంది.
నవంబరులో మాత్రం చీకటి పడ్డాక.
తెలిసి ఆలస్యంగా రుబ్బుదామనుకున్నా
మొదటి రెండ్రోజులు చెయ్యి మాట వినదంటుంది,
పాత వేళకే పప్పు నానబోస్తుందట.
పిండి ఒక గంట ఊరికే కూర్చుంటుంది.
ఆ రెండు రాత్రులు నాలుక చివర సన్నటి పులుపు.
వాళ్ళు తిరిగిచ్చేసిన గంట అదే కాబోలు.
చట్నీ ఇంకొంచెం అడుగుతాను.

నిన్న క్యాబు తొందరగా దింపేసింది. ఆరున్నర.
మెట్రో స్తంభం పక్కన
చెవి తెగిన నల్లకుక్క అప్పటికే వచ్చి కూర్చుంది.
మొదటి వాయిలో చివరి ఇడ్లీ దానిదే, ఎన్నేళ్ళుగానో.
తోక కాళ్ళ కింద పెట్టుకుని
బండి లేని చోటుని చూస్తోంది, బండినే చూస్తున్నట్టు.
నేనూ పక్కన నిలబడ్డాను.
గంట తర్వాత సంజక్క వచ్చి, స్టవ్ వెలిగించి,
దాన్నీ నన్నూ చూసింది.

"నీకంటే నేను చెప్తి, నాకు నువ్వు చెప్తివి.
దీనికెట్ల చెప్పల్ల?"

నాకు తెలిసిన ఐడీలన్నీ
ఒకసారి తలుచుకున్నాను.