తిరుగు టపా

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ వీధుల్లో ఉత్తరాలు పంచుతున్నాను.
ఏ కుక్క కరుస్తుందో, ఏది మొరిగి ఊరుకుంటుందో తెలుసు.
కవరు అంచు తగిలితే చాలు,
పెళ్లి కబురో, కరెంటు బిల్లో, కోర్టు కాగితమో చెప్పేస్తాను.
ఆ పెట్టె మాత్రం నా చేతికి తెలియలేదు.

మిన్‌స్క్ జైలు నుంచి. మూడు కిలోల నాలుగు వందల గ్రాములు.
"సంతకం పెట్టు, యాద్విగా" అన్నాను
అన్ని గుమ్మాల దగ్గరా అన్నట్టే.
ఆమె వేళ్లకి బీట్‌రూట్ ఎరుపు. తుడుచుకుని పెట్టింది.
నా ముందే తాడు కోసింది.
ఒక గళ్ల చొక్కా. ఒక జైలు చొక్కా. లేసుల్లేని బూట్లు.
చీటీ లేదు.
అడుగున వెతికింది, బూట్లలో చేయి పెట్టి వెతికింది,
అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ
ఆ బూట్లే చీటీ అని.

తిమఫేయ్ మంచివాడని నేను అనను.
సైకిళ్ల కొట్టు అంతోన్‌ని తాగి, రెంచీతో కొట్టి చంపాడు.
ఒప్పుకున్నాడు కూడా.
అంతోన్ భార్య స్తెఫానియా ఇల్లూ నా దారిలోదే,
వంతెన దాటాక మూడోది.
ఆ నెల పింఛను ఇవ్వబోతే లెక్కపెట్టుకోలేదు.
"బాకీ తీరిందన్నారు రైసా,
నా చేతిలో ఏం పెట్టారో చూడు" అని
ఖాళీ అరచేయి చూపించింది.

అతను చంపింది మైకంలో.
వీళ్లు పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, టీ తాగి,
రిజిస్టరులో నంబరు వేసి చంపారు.
పెన్నులో సిరా ఉందో లేదో కూడా ఎవరో చూసుకునే ఉంటారు.
గోడ ఉంది, తాళం ఉంది, లెక్కలేనన్ని ఏళ్లున్నాయి వాళ్ల దగ్గర,
అవి చాలలేదా?
ఆఫీసు అతనికి ఇచ్చింది జనన పత్రం. ప్రాణం కాదు.
ఇవ్వనిదాన్ని వెనక్కి తీసుకుంటే
అది ఏ ఖాతాలో రాస్తారు?
న్యాయమే అయితే సమాధి ఎందుకు దాచారు?
తప్పు చేయని చేతిని వీపు వెనక పెట్టుకుంటారా ఎవరైనా?

తొమ్మిది రోజులకి
అతని ఉత్తరం వచ్చింది.
బతికున్నప్పుడు రాసింది, ఏ బల్ల మీద నానిందో.
రెండు రోజులు సంచిలోనే మోశాను.
నా ఉద్యోగంలో నేను చేసిన దొంగతనం అదొక్కటే.
మూడో రోజు ఇచ్చాను. నిలబడే చదివింది.
"అమ్మా, ఇక్కడ నేల చల్లన. ఉన్ని మేజోళ్లు పంపు.
మడమ దగ్గర రెండు పోగులు వెయ్యి."

అల్లింది. రెండు పోగులే వేసింది.
పొట్లం తెచ్చి నా కౌంటర్ మీద పెట్టింది.
చిరునామా చోట పెద్ద అక్షరాలతో
*నా కొడుకుని ఎక్కడ పెట్టారో అక్కడికి.*
తీసుకోకూడదు. నిబంధన నాకు కంఠతా వచ్చు.
తూచాను. నూట ఎనభై గ్రాములు.
స్టాంపులు అంటించి ముద్ర కొట్టాను.

ఇరవై రెండు రోజులకి తిరిగొచ్చింది:
*చిరునామా అసంపూర్ణం.*
మళ్లీ పంపింది. మళ్లీ వచ్చింది.
ఇప్పటికి పదిహేడు సార్లు.
మొన్న అట్ట మూల చిరిగిపోయింది,
వరసలో వెనక స్తెఫానియా ఉంది.
క్షమించలేదు. పలకరించనూ లేదు.
టేపు కొస మాత్రం పట్టుకుంది
యాద్విగా అతికించేదాకా.

వచ్చే వేసవికి నేను దిగిపోతాను.
నా చోటికి వచ్చే పిల్లకి సైకిలు, తాళాలు, కుక్కల పేర్లు అప్పజెప్పి
ఒక మాట చెప్పాను:
ఆ పొట్లాన్ని కాదనకు.
ముద్ర గట్టిగా కొట్టు, తేదీ స్పష్టంగా పడాలి.
ఏదో ఒక రోజు ఆ బల్ల వెనక కూర్చున్న మనిషి ఎవరో
తాడు విప్పి, మేజోళ్లు చేతిలోకి తీసుకుని
మడమ ఎందుకింత మందంగా ఉందని అడగాలి.