తరుగు

మిర్చి యార్డులో ముప్పై ఏళ్లుగా కాటా పట్టినవాణ్ని.
టిక్కీ మీద చెయ్యేస్తే చాలు,
తేమెంతో, తరుగెంత కొట్టాలో చెప్పేస్తాను.
నాంచారమ్మ లేచినప్పుడు
మంచం కిర్రుమనడం మానేసిందని మాత్రం
నాలుగు నెలలదాకా నాకు వినపడలేదు.

గ్యాసే అనుకున్నాం.
గుంటూర్లో గ్యాసు లేనిదెవరికి?
గోలీసోడా, వేయించిన జీలకర్ర,
మందులషాపు వాడిచ్చిన గులాబీరంగు సీసా.
ఆనక ఒక తెల్లారి నల్లగా విరేచనం.
గొట్టం వేసి చూశారు.

పెద్దాసుపత్రిలో డాక్టర్ హసీనా
చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీసింది,
వంగిన తోలుతిత్తిలాంటి బొమ్మ.
"ముందు మందు, నాలుగు దఫాలు.
గడ్డ కుంచించుకుంటే కత్తి. తర్వాత మళ్లీ నాలుగు.
కాలేయానికి పాకి ఉంటే కత్తి జోలికి పోం,
దారి వేరే ఉంటుంది. అప్పుడూ చెయ్యి వదలం."
ఆ చివరి మాట ఒక్కటీ మడిచి
ఆరోగ్యశ్రీ కార్డు వెనకాల పెట్టుకున్నాను.

మందెక్కిన వారం చల్లనిదేదీ ముట్టకూడదు.
కుండ తాకితే వేళ్లనిండా సూదులు.
రోహిణి కార్తెలో, ఈ ఊళ్లో,
నా పెళ్లాం ఊదుకుంటూ వేణ్ణీళ్లు తాగింది.
నా చొక్కా ఘాటుకి డోకొచ్చేది ఆమెకి.
యార్డు పంపు దగ్గరే ఒళ్లు రుద్దుకుని
ఉతికిన లుంగీలో ఇల్లు చేరేవాణ్ని,
చుట్టం చూపుగా వచ్చినట్టు.

పక్క మంచం సాంబ్రాజ్యం గారికి కత్తి దారి లేకపోయింది.
ఆమెకి పొట్టలో నీరు తీశారు,
నొప్పికి పూటపూటా చుక్కలిచ్చారు,
ఇంటికెళ్లి మనవరాలికి జడ వేసుకోమన్నారు.
ఇంతేనా అన్నాను హసీనాతో.
"జడ వెయ్యగలగడం చిన్నదా?" అంది.

మాకు కత్తి దొరికింది.
కడుపు మొత్తం తీసేసి
పేగుని పైకి లాగి అన్నవాహికకి కుట్టారు.
మూడోనాడు, ముక్కులో గొట్టంతోనే, నాంచారమ్మ అడిగింది:
"ఇన్నాళ్లూ నీ తప్పులన్నీ కడుపులో పెట్టుకున్నానే,
ఇహ ఎక్కడ పెట్టుకోను?"
నర్సు పకపకా నవ్వింది.
నేను తప్పులు లెక్కేసుకుంటూ ఉండిపోయాను.

ఇప్పుడు మా ఇంట్లో గరిటె లేదు, చెంచానే.
రోజుకి ఎనిమిది పూటలు,
మెత్తటి ఇడ్లీలో సగం, గుడ్డు, పెసరకట్టు.
మెతుకుతో పాటు నీళ్లు కుదరవు, తిన్నాక నడుం వాల్చకూడదు.
మేనల్లుడి పెళ్లిలో రెండు చెంచాల పరమాన్నం తింది:
గుండె దడదడ, ఒళ్లంతా చెమట.
అరగంట విసనకర్ర విసిరాను, భజంత్రీల మధ్య.
నెలకో సూది, బి పన్నెండు, బతికినన్నాళ్లూ.
బతికినన్నాళ్లూ అన్న మాట
ఆ పిల్ల డైటీషియన్ ఎంత మామూలుగా అందో!

నిన్న తూకానికి వెళ్లాం.
అరవై ఒకటి ఉండేది మనిషి.
ఆపరేషనప్పుడు నలభై ఒకటి,
మా టిక్కీ కన్నా తేలిక.
కాటా ముల్లు నలభై ఒకటి దాటి వణుకుతోంది.
ముప్పై ఏళ్లలో ఏ రైతునీ పావుకిలో మోసం చెయ్యని నేను
ఎప్పుడు జరిపానో తెలీదు,
నా కాలి బొటనవేలు కాటా అంచు మీద ఉంది.
నాంచారమ్మ కిందికి చూసింది.

"తియ్యి," అంది. "నా తూకం నేను తూగుతా."

తీశాను.
రెండు వందల గ్రాములు.
తరుగు పోను.