నూట పన్నెండో పొలుసు దగ్గర

పొట్ట పొలుసులు లెక్కపెట్టేటప్పుడు
నాతో ఎవరూ మాట్లాడకూడదు.
ల్యాబ్ తలుపుకి ఆ మాట రాసి అంటించాను కూడా.
అయినా అటెండరు వరాహగిరి టీ తెచ్చి
"ఎంతవరకు వచ్చిందండీ?" అంటాడు.
మళ్ళీ ఒకటి నుంచి.

మెడ కింద మొదలుపెట్టి
గుండుసూది మొనతో ఒక్కొక్కటే దాటుతూ పోతే
నూట పన్నెండు దగ్గర కత్తిగాటు.
అక్కడున్నది ఒక పొలుసా, రెండా?
తెగిన అంచులు ఒకదాన్నొకటి ఎరగనట్టు
ఎడంగా ఉన్నాయి.
స్పిరిట్ దూది అద్ది
లెన్సు తిప్పి
ఊపిరి బిగబట్టి చూస్తాను.

అడివివరం మలుపులో అనాసపళ్ళు చెక్కే కత్తి అది.
కొర్లమ్మ పాముతో పాటు దాన్నీ తెచ్చింది,
పోలీసులకు అప్పగించడానికొచ్చినట్టు.
హార్లిక్స్ సీసాలో చుట్ట చుట్టుకుని
జానెడున్నర పాము.
నల్లటి ఒంటి మీద పాలచారలు,
తోక దాకా వచ్చేసరికి చెదిరి తుంపరలైపోయాయి.

"సీకటడిపోనాది, జల్లు కొడతంది,
గోనె ఎత్తితే కిందుంది.
కట్లపామనుకోని ఏసీసేనమ్మా.
లైటెట్టి సూస్తే మన ముసురుపాము!
కరిసినా ఏటీ అవదు.
మా మామ్మ దీన్ని కొట్టనిచ్చీది కాదు."

మన ముసురుపాము.
ముప్పై ఏళ్ళుగా పాములే నా చదువు.
ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు మ్యూజియం బీరువాలో
వెనక వరస సీసాలు దించాను.
మూడు దొరికాయి.
వెలిసిన సిరాలో చీటీ:
'కట్లపాము, పిల్ల. సింహాచలం కొండ.'
కట్లపాముకి వెన్ను పొడుగునా
ఆరుపలకల పెద్ద పొలుసులుంటాయి,
కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తాయి.
వీటికి లేవు.
యాభై ఏళ్ళుగా ఎవరూ వేలు పెట్టి చూడలేదు.
నేనూ ఆ బీరువా పక్కనే కూర్చుని
మూడువేల క్యారేజీలు ఖాళీ చేశాను.
కొర్లమ్మ పొరపాటు ఒక్క రాత్రిది,
అదీ చీకట్లో.

తర్వాత అంతా కాగితం పని.
నడుం చుట్టూ పదిహేడు వరసలు.
కంటికీ ముక్కుకీ నడుమ ఒక చిన్న పొలుసు,
దాని బంధువులన్నిటికీ పొడుగ్గా, దీనికి చతురస్రంగా.
పళ్ళు, తోక, చారల వెడల్పు మిల్లీమీటర్లలో.
దొరికిన చోటు: అక్షాంశం, రేఖాంశం.
'పళ్ళబండి వెనక, గోనె కింద' అని రాసి కొట్టేశాను.
రోడ్డు వెడల్పు చేశాక
ఆ అంకెలిప్పుడు తారు మధ్యలో ఉన్నాయి.

జాతి పేరు ముసురి అని పెట్టాను.
ఎక్కడో చల్లటి దేశంలో కూర్చున్న పరీక్షకుడు
అర్థం అడిగాడు. వాన అనుకోవచ్చా?

కాదు.
వానైతే వస్తుంది, వెలుస్తుంది.
ఇది మూడు రోజులు కైలాసగిరిని దాచేసి
బీచి రోడ్డున ఆకాశమెక్కడో నీళ్ళెక్కడో చెప్పకుండా
ఉతికిన చీరకి ముక్కవాసన పట్టించి
అగ్గిపుల్లని నాలుగుసార్లు గీయిస్తుంది...

'ఒక్క వాక్యంలో రాయండి' అన్నాడు.
రాశాను. అది ముసురు కాలేదు.

పొట్ట పొలుసులు నూట తొంభై ఒకటి అని వేసి
పక్కన నక్షత్రం గుర్తు పెట్టాను.
పేజీ అడుగున చిన్నక్షరాల్లో:
నమూనా దెబ్బతిన్నది, ఒకటి ఎక్కువుండవచ్చు.

అచ్చయిన కాగితం పట్టుకుని
ఆరిలోవ వైపు జరిగిన బండి వెతుక్కుంటూ వెళ్ళాను.
"పేరెట్టేసేరా అమ్మా?"
పెట్టామన్నాను.
"ఏటని?"
ముసురు అన్నాను.
"అది ఉన్నాదే గదా!" అని
కొర్లమ్మ పకపకా నవ్వి
అనాస ముక్క కోసి, ఉప్పూ కారం చల్లి
చేతిలో పెట్టింది.

అదే కత్తి.
పిడి దగ్గర ఆ సొట్ట నాకు తెలుసు.
ఏమీ అడక్కుండా తిన్నాను.