మూడోది

జూలై చలి. జీలాంగ్‌లో మా రేకుల గరాజ్.
బానెట్ ఎత్తిన పాత డాట్సన్ ముందు
నేనూ, పక్కింటి డెస్ ట్రెలోరూ.

ఇంజన్ మొత్తం విప్పాను ఈ చేతులతోనే.
కిరసనాయిల్లో కడిగి, కొత్త రింగులేసి,
వాల్వు సీట్లు కోయించి,
నట్టు నట్టుకీ చీటీ రాసుకుని మరీ బిగించాను.
చివర్లో మూడు వాషర్లు మిగిలాయి.
ఎవరికీ చెప్పలేదు.

మొదట్లో బాగానే పలికింది.
ఐదొందల కిలోమీటర్లు తిరిగొచ్చాక
టిక్కు టిక్కు టిక్కు,
ఎవరో కోపంగా కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు.
ఎత్తెక్కితే ఆయాసం.
సిగ్నల్ దగ్గర ఆగితే ఒళ్ళంతా వణుకు.

డెస్‌ది ఫౌండ్రీలో పోయిన వినికిడి.
ఇంజన్ స్టార్టు చెయ్యమని
చెవి మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.
బారెడు స్క్రూడ్రైవర్ మొన ఇనుము మీద ఆనించి
పిడి పళ్ళమధ్య కరిచిపట్టి
కళ్ళు మూసుకున్నాడు.
ఒక చోట. ఇంకో చోట.
దవడ ఎముకతో వింటున్నాడు.

రెండు వేళ్ళు చూపించాడు.
చప్పుడు రెండోదాన్లో.
దొంగ దొరికాడని నేను స్పానర్ అందుకున్నాను.
అతను తల అడ్డంగా ఊపి
గేజి చేతికిచ్చాడు.

ప్లగ్గులు తీసి, ఒక్కోదానికీ గేజి బిగించి
గచ్చు మీద సుద్దతో రాశాను:
నూట డెబ్బై.
నూట అరవై ఎనిమిది.
తొంభై.
నూట డెబ్బై రెండు.

మూడోదా?
అది ఒక్క మాట అనలేదే!

చెంచాడు నూనె దాని కంతలో పోశాం.
తొంభై రెండు.
రింగుల పాపం కాదు.
గొట్టం పెట్టి గాలి ఎక్కించాం.
నూనె మూత దగ్గర చెవి పెట్టాను, లేదు.
రేడియేటర్లో బుడగల్లేవు.
కార్బురేటర్ గొంతులో ఊపిరి లేదు.
వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర వంగితే
స్స్స్…
నిద్రలో పళ్ళసందున గాలి వదిలే మనిషిలా.

పైమూత విప్పాం.
రెండోదాన్లో ఫీలర్ బ్లేడులు రెండు కలిపినా దూరిపోయాయి,
వదులు పంజరంలో పిట్టలా అదే కొట్టుకుంటోంది.
మూడోదాన్లో, ఎగ్జాస్టు వైపు,
ఉల్లిపొర లాంటి బ్లేడు కూడా
దూరలేదు.

అప్పుడు గుర్తొచ్చింది.
ఆ ఆదివారం
హెడ్ బోల్టులు రెండోసారి బిగించాను,
పుస్తకంలో చెప్పినట్టే.
బిగించాక సందులు మళ్ళీ చూసుకోవాలి.
డిపో నుంచి ఫోనొచ్చింది, సాయంత్రం బస్సుకి మనిషి లేదని.
చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాను.

బిగిస్తే ఇనుమూ ఒదుగుతుంది.
కొత్త సీటులోకి వాల్వు కొంచెం కొంచెం కూరుకుంటుంది.
ఆ వెంట్రుకవాసి ఎడం కూడా లేకపోతే
తలుపు పూర్తిగా పడదు,
పోయే ప్రతి మంటా దాని అంచు నాకి పోతుంది.

"వాగేదాంతో భయం లేదు," అన్నాడు డెస్,
తనకి వినపడదు కనక గట్టిగా, గరాజ్ అదిరేలా.
"దానికి చోటుంది, కొట్టుకుంటుంది.
నోరెత్తనిదే కాలిపోయేది."

నిండుకుండ తొణకదంటారు మావాళ్ళు.
ఇది నిండనూ లేదు
తొణకనూ లేదు.

స్క్రూ పావు చుట్టు వదిలాను. బ్లేడు దూరింది,
వెన్నలో కత్తిలా కాదు, కాస్త పట్టుకుంటూ,
అలాగే ఉండాలిట.
మళ్ళీ గేజి.
నూట ముప్పై.
నూట డెబ్బై కాదు.
ఎంత కాలిందో హెడ్ విప్పితే గాని తెలీదు.

సుద్దముక్క పట్టుకుని అలాగే గొంతుక్కూర్చున్నాను.
బయట మాగ్‌పై ఒకటి రేకుమీద గోళ్ళు గీస్తోంది.
డెస్ చెవి మిషన్ పెట్టుకుని
"ఏమన్నావు?" అన్నాడు.
"ఏం లేదు," అన్నాను.

స్క్రూడ్రైవర్
ఇంకా అతని చేతిలోనే ఉంది.