రెండో తూకం

ఏనుమాముల మార్కెట్ వెనుక డాబా మీద
ముక్కుకు రుమాలు కట్టుకొని
టెలిస్కోపు ముందట కూచున్న.
మిర్చి ఘాటుకు నేను తుమ్మితే
ఆకాశమంతా వణుకుతది.

పోయిన శనివారం ఫోటోల ఆ గెలాక్సీ
పలుచటి పొగమరక.
ఇయ్యాల దాని అంచున
ఒక చుక్క ఎక్కువున్నది.

కెమెరా లోపమా? దారిన పోయే గ్రహశకలమా?
ఇరవయ్యేండ్ల కాంటా గుమస్తాను,
ఒక్క తూకానికి చీటీ రాయను.
జమ్మికుంట సుగుణ టీచరుకు ఫోన్ కొట్టిన.
"మబ్బున్నదన్నా."
కాజీపేట దిక్కు గూడ్సు బండ్ల చప్పుడు లెక్కపెట్టుకుంట కూచున్న.
పదకొండు.
మూడున్నరకు ఆమె గొంతు:
"ఉన్నది. కదుల్తలేదు."

ఆరు కోట్ల ఏండ్ల కిందటి చావు.
కబురు ఇయ్యాల మా డాబా మీదికి.

నాలుగోనాడు పెద్ద దుర్భిణోళ్లు
ఆ వెలుగును చీల్చి, సిలికాన్ గీత చూసి
నిజమేనన్నరు.
పేరు కూడా పెట్టిండ్రు:
సంవత్సరం, పక్కన మూడక్షరాలు,
అచ్చం మా లాట్ నంబరు లెక్కనే.

తెల్లారి మొదటి బస్తా ఎత్తుకుంట
నర్సంపేట రైతు అడిగిండు,
"కండ్లెందుకంత ఎర్రగున్నయ్ సారూ?"
"మిర్చి ఘాటు" అన్న.
ముల్లు నిలబడేదాక
ఇద్దరం ఊపిరి బిగబట్టినం.