గీతకు ఇవతల

లియెపాయాలో గాలి ఎప్పుడూ సముద్రం పక్షానే ఆడుతుంది.
ఎత్తుగా తంతే బంతి తన్నినవాడి దగ్గరికే తిరిగొచ్చే ఆ మైదానంలో
నేల విడవకుండా పాస్ ఇవ్వడం నేర్చుకున్నాడు తాలివాల్దిస్,
చేపల డబ్బాల ఫ్యాక్టరీ సైరన్ మోగేదాకా.

పద్నాలుగేళ్లు దేశం కోసం వెనక వరసలో నిలబడ్డాడు.
కొట్టిన గోల్ ఒక్కటే,
అదీ సొంత వలలోకి.
రీగాలో ఒక ట్రామ్ డ్రైవర్ ఇప్పటికీ గుర్తుచేస్తాడు,
టికెట్ మాత్రం అడగడు.

ఇప్పుడు సున్నపు గీతకు ఇవతల, తడిసిన కోటులో, మేనేజరు.
బంతి ఇటు దొర్లితే చాలు
బెంచీ కింద ఎడమకాలు దానంతటదే లేస్తుంది.
యాభై మూడేళ్ల కాలు,
దానికింకా కబురందలేదు.

రాత్రి హోటల్ గదిలో
ఇరవై నాలుగు పేర్లు, ఇరవై మూడు చొక్కాలు.
పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాడు
అది వేలెడు మిగిలేదాకా.

తన పేరు కొట్టేసిన రోజున
ఎవరూ తలుపు తట్టలేదు.
గోడ మీద కాగితమే చెప్పింది.

అందుకే మేజోళ్లతోనే నడవా చివరిదాకా వెళ్లి
పంతొమ్మిదేళ్ల ఎర్లెండ్స్ తలుపు తట్టాడు.
దారంతా కూడబలుక్కున్న మాట రాలేదు.
"ఏమైనా తిన్నావా?" అన్నాడు.

కుర్రాడు తలుపు ఇంకాస్త తెరిచి
కుర్చీ మీది చొక్కా
మడత పెట్టడం మొదలెట్టాడు.