కంటిన్యుటీ పుస్తకం

నా పని చిన్నది.
కప్పు ఏ చేతిలో ఉందో, టీ ఎంత మిగిలిందో,
చొక్కా చెయ్యి ఎన్ని మడతలు పైకి జరిగిందో
రాసిపెట్టుకోవడం.
పొద్దున తీసిన ముక్కకీ మధ్యాహ్నం తీసిన ముక్కకీ
అతుకు కనపడకూడదు. అంతే.

గ్రీనక్ రేవు పక్కన, పాత చక్కెర గోదాములో
కట్టిన వీధి మాది.
ఇళ్ళకి ముందు గోడలే ఉంటాయి,
వెనక ప్లైవుడ్డూ పురికొసలూ.
మలుపులో ఎఫీ లాండ్రీ.
ఆ కౌంటరు వెనక ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడింది
మోరాగ్ గిల్‌క్రిస్ట్.
ఆమె కళ్ళజోడు గొలుసుకి నీలం పూసలు, పదిహేడు.
లెక్కపెట్టాను. అదీ నా పనే.

మంగళవారం రాత్రి నిద్రలో పోయింది.
బుధవారం ఆరింటికి ఆమె కారు రాలేదు.
అప్పటికే తీసేసిన ఎపిసోడ్లు ఇరవై రెండు.
అవి అయిపోయేదాకా, ఐదు వారాలు,
దేశం ఆమెని చూస్తూనే ఉంది:
దుప్పట్లు మడతపెడుతూ, చిల్లర తిరిగిస్తూ.
మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం
తెర మీద వంగి ఎవరి పిల్లాడికో ముక్కు తుడిచి
"రేపు రా, నీ కోటు అయిపోతుంది" అంది.
ఇయన్, ఆమె నిజం మొగుడు, టీవీ ఆపలేదట.
చప్పుడు మాత్రం తగ్గించాడట.

రచయితల గదిలో, బిస్కెట్ల పళ్ళెం చుట్టూ
చావు కోసం బేరం.
అబర్డీన్‌లో చెల్లెలి దగ్గరికి పంపేద్దాం,
క్రిస్మస్‌కి కార్డులు రాయిస్తే సరి, అన్నాడొకడు.
బస్సు కింద, అని ఇంకొకడు మొదలుపెట్టి
మిగతా మాట బిస్కెట్టుతో కలిపి మింగాడు.
ఆ పాత్రకి వేరే మనిషి, అన్న ఊసు
అందరి నోటిదాకా వచ్చింది,
ఎవరి నోటా బయటపడలేదు.
చివరికి ఫెరియర్ ఒక కాగితం తీసి రాశాడు:
"నిద్రలో. మంగళవారం."
మా సీరియల్ బతుకుని చూసి కాపీ కొట్టడం
అదే మొదటిసారి.

కోటు కొక్కేనికి అలాగే.
ఇస్త్రీ పెట్టె వైరు చుట్టి.
కౌంటరు మీద సగం తాగిన టీ.
నా పుస్తకంలో ఆమె చివరి షాటు చూసి
కప్పు మీది పువ్వు అంచుదాకా నేనే పోశాను.

లాక్లన్ వచ్చాడు. తెర మీది మొగుడు.
ఆమెని రెండుసార్లు పెళ్ళాడి, ఒకసారి విడిపోయి,
ఒకసారి ఆమె చేతిలో తుపాకీ గుండు కూడా తిన్నవాడు.
లైట్లు ఒక్కొక్కటే ఆర్పాలి. ఒకటే డైలాగు:
"షాపు మూసేస్తున్నా, ఎఫీ."

ఆర్పాడు.
"షాపు మూసేస్తున్నా, మోరాగ్," అన్నాడు.

తప్పు దొరికితే చెయ్యెత్తాలి నేను.
పంతొమ్మిదేళ్ళలో ఒక్కటీ వదల్లేదు.
చీకట్లో పెన్సిలు పట్టుకుని కూచున్నాను.
తను ఏమన్నాడో లాక్లన్‌కి తెలియలేదు,
తెలియలేదనే అనుకుంటున్నాను.
ఎవరూ కట్ చెప్పలేదు చాలాసేపు.

ప్రసారంలో ఎఫీ అనే వినపడింది.
పాత ఎపిసోడు దేంట్లోంచో అతని గొంతు కత్తిరించి తెచ్చి
సౌండు కుర్రాళ్ళు అతికించారు.
అదేదో పోట్లాటలోది.
జాగ్రత్తగా వింటే కాస్త కోపంగా ఉంటుంది,
పేరు ఒక్కటీ ఓ పదేళ్ళు చిన్న గొంతుతో.
అతుకు ఎవరికీ కనపడలేదు.
నా పుస్తకంలో మాత్రం, పద్నాలుగో షాటు, టేకు ఒకటి:
"సరిగ్గా ఉంది."

నెల తర్వాత ఇయన్ వచ్చాడు, కళ్ళజోడు కోసం.
పదిహేడు పూసలూ లెక్కపెట్టి ఇచ్చి
సంతకం పెట్టించుకున్నాను.
అది సామాన్ల గది కొన్నదా,
ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నదా,
ఆ ఇద్దరు ఆడవాళ్ళలో ఎవరిదో
అతనికీ గుర్తులేదు,
నేనూ ఎక్కడా రాసుకోలేదు.